ఫతే మైదానపు సాయంకాలములు

సికింద్రాబాదు నుండి వాడి దిశగా సాగు రైలుమార్గము 1874వ సంవత్సరమున ప్రారంభమైనది. లింగంపల్లి, శంకరపల్లి దాటి, వికారాబాదు జంక్షను ఇంకను రెండు మూడు స్టేషనుల దూరమున నుండగా, చిట్టిగిద్ద అను చిన్న స్టేషను వచ్చును. నవాబుపేట మండలమునకు రైలుతో గల చుట్టరికమునకు ఆ స్టేషనే ఆధారము. తాండూరు నాపరాళ్ళును, కందులును, ఈ ప్రాంతపు కూరగాయలును ఏండ్ల తరబడి పట్నమునకు చేరుచుండగా, పట్నము నుండి వార్తాపత్రికలును, కొలువుల కబుర్లును, కొత్త సినిమాల పేర్లును ఇటు వచ్చుచుండెను. ఒకనాడు ఆసియా ఖండమునకే పాఠము చెప్పిన హైదరాబాదు కాలిబంతి మాత్రము ఈ అరువది కిలోమీటర్ల దూరమును దాటి పల్లెలలో వేరూనలేకపోయెను. దీనికి కారణము పల్లెవాని అరసికత కాదు. సాయంకాలము ఆట చూచినవాడు చీకటి పడిన పిమ్మట ఇల్లు చేరు మార్గము లేకుండుటయే.

కాలిబంతి చరిత్ర వ్రాయువారు కప్పులను లెక్కింతురు, గోలులను లెక్కింతురు, క్రీడాకారుల పేర్లను వరుసగా పేర్కొందురు. గట్టు మీద నిలిచి గొంతు చించుకొనిన ప్రేక్షకుడు ఆ గ్రంథములలో ఒక సంఖ్యగానైనను మిగులుట అరుదు. అతడు ఏ కొలువు ముగించుకొని వచ్చెను, ఏ వాహనముపై వచ్చెను, ఆట ముగిసిన వెనుక ఎచ్చట కూర్చుండి వాదులాడెను, ఎన్ని గంటలకు ఇంటి తలుపు తట్టెను అను ప్రశ్నలు చరిత్రకారుని దృష్టికి అల్పములుగా తోచవచ్చును గాని, ఏ ఊరికి ఏ ఆట దక్కునో నిర్ణయించునవి ఇట్టి అల్పవిషయములే అని నా నమ్మకము.

హైదరాబాదున కాలిబంతి మహర్దశకు సయ్యద్ అబ్దుల్ రహీం పేరు పర్యాయపదము. 1909లో జన్మించిన ఈ మహనీయుడు వృత్తిచే బడిపంతులు. కాచిగూడ, చాదర్‌ఘాట్ మొదలగు చోట్ల పాఠశాలలలో బోధించుచు, సాయంకాలములు మైదానమున గడపెను. హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శియై ఆయన నెలకొల్పిన పోటీల తీరు నేటికిని ఆశ్చర్యము గొలుపును: బంతిని కాలితో నడిపించుకొని పోవుటను నిషేధించి కేవలము అందించుటనే అనుమతించిన పోటీ యొకటి, అలవాటైన పాదమును కాదని బలహీనమైన పాదముతోనే తన్నవలెనను పోటీ మరియొకటి, నిర్ణీతమగు ఎత్తు మించని బాలురకు ప్రత్యేకముగా ఇంకొకటి. గణితము చెప్పు పంతులు విద్యార్థికి రాని లెక్కనే పదే పదే ఇచ్చు పద్ధతి ఇందు కనబడుచున్నది. ఇట్టి పోటీలను చూచుచు పెరిగిన ప్రేక్షకుడు వట్టి కేకలు వేయువాడుగా మిగులడు. ఎడమకాలి దెబ్బ లోపమును గట్టు మీది నుండియే పట్టుకొనగల పరీక్షకుడగును. నాటి హైదరాబాదు ప్రేక్షకునికి ఆట తెలియునని పెద్దలు చెప్పు మాటకు మూలము ఈ బడిపోటీలలో కలదని నేననుకొందును.

ఆ ప్రేక్షకునికి ఆటగాండ్రు పరాయివారు కారు. హైదరాబాదు నగర పోలీసు జట్టులో ఆడువారు కొలువుచే పోలీసువారు. ఉదయము వీధిలో కనబడిన మనిషియే సాయంకాలము హాఫ్ బ్యాకుగా కనబడుచుండెను. నిజాము కొలువునకు వచ్చిన అరబ్బు సైనికుల సంతతివారు నివసించు బార్కస్ పేటలో వీధి వీధికి బంతి ఉండెడిది. ఆ పేట ఫుట్‌బాల్ మైదానము నేటికిని పేరు పొందినదే. ఇటు సికింద్రాబాదు దండు ప్రాంతమున, బొల్లారము, అమ్ముగూడ వంటి చోట్ల, సైనికుల ఆటను కంచె బయటి నుండి చూచి నేర్చిన పేదపిల్లలు ఉండెడివారు. వారిలో ఒకడు తులసీదాస్ బలరామ్. పోలీసువారు వాడి పారవేసిన పాతబూట్లను చౌకగా కొని, చర్మకారునిచేత అడుగున గుబ్బలు కొట్టించుకొని ఆడిన ఈ బాలుని రహీం గుర్తించి నగరమునకు సాధనకు రమ్మనినప్పుడు, అంతదూరము వచ్చుటకు నా యొద్ద పైకము లేదని బలరామ్ చెప్పుకొనెను. అద్దె సైకిలుకు వలయు పైకమును గురువే ఇచ్చెను. పిదప రెండు ఒలింపిక్ క్రీడలలో భారతదేశము పక్షమున ఆడి, 1960లో రోము నగరమున హంగరీపైనను పెరూపైనను గోలులు సాధించిన ఆటగాని భవిష్యత్తు ఒకనాడు సైకిలు అద్దెపై ఆధారపడి యుండెను. ఆటగానికే ఇట్లుండగా, ప్రేక్షకుని సంగతి వేరుగ చెప్పనేల?

నగరములోని ఫతే మైదానమున పోటీ ఉన్న దినమున కచేరీలు విడుచు వేళకు అబిడ్స్, బషీర్‌బాగు దారులు సైకిళ్ళతో నిండెడివి. గుమాస్తా తన సైకిలుపై పొరుగింటివానిని ముందు కడ్డీపై కూర్చుండబెట్టుకొని, పిల్లవానిని వెనుక క్యారియరుపై ఎక్కించుకొని వచ్చును. కుర్చీలు కొందరికే, తక్కినవారు నిలుచుండియే చూతురు. విరామమున చార్మినార్ సిగరెట్టు ఒకటి ఇద్దరి చేతులు మారును. ఆట ముగిసి దీపములు వెలిగిన పిమ్మట అసలు సభ ఇరానీ హోటలులో ప్రారంభమగును. పాలరాతి బల్ల చుట్టు నలుగురు చేరి, రెండు పౌనా చాయలు తెప్పించి నాలుగు కప్పులకు సర్దుకొని, ఖారా బిస్కత్తును ముంచుకొనుచు, రెండవ గోలు ఆఫ్‌సైడా కాదా యను మీమాంసను గంటకు పైగా సాగింతురు. నీళ్ళ గ్లాసు సెంటర్ ఫార్వర్డగును, చక్కెర గిన్నె గోలీ యగును, అగ్గిపెట్టె బంతి యగును. పరుల సాసరును కూడ అడుగకయే ఆటలోనికి లాగుదురు. ఆనాటి నగరమున ఉర్దూ, తెలుగు, మరాఠీ, తమిళము మాటలాడువారు ఒకే బల్లవద్ద కోపగించుకొని ఒకే బల్లవద్ద నవ్వుకొనిన తావులలో ఇది ముఖ్యమైనది. కప్పుల పట్టికలో ఈ బల్లలకు చోటు లేదు.

కప్పులకు మాత్రము కొదువ లేదు. రహీం 1950లో పోలీసు జట్టు శిక్షణభారము వహించినది మొదలు, బొంబాయి రోవర్స్ కప్పును 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదు పర్యాయములు ఈ జట్టే గెలిచెను. దేశవిభజన తరువాత ఢిల్లీలో పునఃప్రారంభమైన డ్యూరాండ్ కప్పు కూడ 1950లో వీరిదే. 1954లోను, 1957లోను మరల వీరికే దక్కెను. రాష్ట్రజట్ల సంతోష్ ట్రోఫీ 1956, 1957 సంవత్సరములలో హైదరాబాదు వశమైనది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్ క్రీడలలో భారతదేశము నాలుగవ స్థానము పొందినప్పుడు ఆ జట్టున అజీజ్, నూర్ మహమ్మద్, జుల్ఫికారుద్దీన్, సలాం, అహ్మద్ హుస్సేన్, బలరామ్ వంటి హైదరాబాదీయులు ఉండిరి. 1962 సెప్టెంబరు 4న జకార్తాలో, లక్షమంది ప్రేక్షకుల ఎదుట, దక్షిణ కొరియాను 2-1 తేడాతో గెలిచి ఆసియా క్రీడల స్వర్ణము సాధించుటయే రహీం చివరి విజయము. మరుసటి సంవత్సరము జూన్ 11న ఆయన క్యాన్సరు వ్యాధిచే కన్నుమూసెను.

ఇక్కడ గమనింపదగిన విషయమొకటి కలదు. ఈ ఘనవిజయములలో పెక్కింటిని హైదరాబాదు అభిమాని కన్నులార చూచియే యెరుగడు. బొంబాయిలో, ఢిల్లీలో, మెల్బోర్నులో, జకార్తాలో జరిగిన ఆటలను అతడు పత్రికలో చదివి, రేడియోలో విని, రైలు దిగివచ్చినవానిని అడిగి తెలిసికొనెను. చెవితో విన్న ఆటను ఊహతో చూడగలిగినది, అదివరకు అవే పాదములను ఫతే మైదానమున చూచియుండుటచేతనే. నూర్ మహమ్మద్ పేరు వినబడగానే అతని పరుగు కనబడెను. నవాబుపేట రైతునకు ఈ మూలధనము లేదు. అతనికి వార్త వచ్చిననాడును అది వట్టి పేరుగానే మిగిలెను.

ఆతని సాయంకాలములు వేరు. పొలము పని ముగిసిన వెనుక పశువులను కట్టివేయవలెను, పాలు పితుకవలెను. తీరుబాటు వేళ కబడ్డీయో, పిల్లలకైనచో చిర్రగోనెయో కలదు. పీరీల పండుగకు అలావా చుట్టు ఆట కలదు. కార్తికమున అనంతగిరి పద్మనాభస్వామి జాతర కలదు. వీనిలో ఏదియు టిక్కెట్టు కొని పట్నమునకు పోవలసినది కాదు. కాలిబంతికి కావలసినంత చదునైన నేల చెలకలలో దొరకుటయు కష్టమే. దొరకినచో దానిలో జొన్న వేయకుండ బంతి ఆడుట కుటుంబపెద్ద సహింపని పని. తరువాతి కాలమున ఉన్నత పాఠశాలలు వచ్చినప్పుడు పి.ఇ.టి. సారు చేతిలోనిది సాధారణముగా వాలీబాల్ వల. ఫుట్‌బాల్ కొనుటయే తడవు, రేగుముళ్ళకు గాలి పోయెడిది.

రహీం అనంతరము నగరపు దశయు మారెను. 1965-66లో ఆంధ్రప్రదేశ్ పేర సంతోష్ ట్రోఫీ మరియొకమారు లభించినను, ఉత్తమ క్రీడాకారులు కలకత్తా క్లబ్బుల బాట పట్టిరి. నయీముద్దీన్, మహమ్మద్ హబీబ్, షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్ మొదలగువారి ఆటను హైదరాబాదు బల్లలవద్దివారు మరల పత్రికలోనే వెదుకుకొనవలసి వచ్చెను. 1977లో పెలే కాస్మోస్ జట్టుతో ఈడెన్ గార్డెన్సుకు వచ్చినప్పుడు మోహన్ బగాన్ పక్షమున గోలు కొట్టినవారిలో ఒకడు మన హబీబే. ఆ ఆట 2-2గా ముగిసెను. ఫతే మైదానమో, 1955లోనే న్యూజీలాండుపై పాలీ ఉమ్రీగర్ 223 పరుగులు చేసిన టెస్టుతో క్రికెట్టుకు తలుపు తెరచి, 1967లో లాల్ బహదూర్ స్టేడియమై, క్రమముగా ఫుట్‌బాల్‌కు అతిథిగృహముగా మారెను. పోలీసు, రైల్వే, బ్యాంకు కొలువులలో ఆటగాండ్రకు చోటు తగ్గినకొద్దియు వీధిలోని మనిషియే హాఫ్ బ్యాకుగా కనబడు భాగ్యమును తగ్గెను. క్రికెట్టును తిట్టి ప్రయోజనము లేదు. ఆ ఆట ట్రాన్సిస్టరులో ఒదిగెను, ఆ ట్రాన్సిస్టరు మంచె మీదికిని వచ్చెను.

నేడు నవాబుపేటలో ఫుట్‌బాల్ అభిమాని కలడు. పూర్వము లేనివాడు ఇప్పుడు పుట్టెను. దూరమును రైలు తీర్చలేకపోగా సెల్‌ఫోను తీర్చెను. 2022 డిసెంబరు 18 రాత్రి ఎనిమిదిన్నరకు ఆరంభమైన ప్రపంచకప్పు ఫైనలును, ఫోనున్న ప్రతివాడును రుసుము లేకుండ చూడగలిగెను. అర్జెంటీనా, ఫ్రాన్సు 3-3గా నిలిచి పెనాల్టీలకు పోవునప్పటికి పల్లె నిద్రించు వేళ దాటిపోయెను. అప్పటి నుండి అంగడిలో మెస్సీ పేరుతో పదవ నంబరు చొక్కాలు తరచుగా కానవచ్చుచున్నవి. వానిని తొడిగి మిర్చితోటకు మందు కొట్టువారందరును ఆట తెలిసినవారని నేను చెప్పజాలను. పురుగుమందు మరకకు భయపడనక్కరలేని మంచిబట్ట యని కొన్నవారును కలరు. వారి పక్కనే యూరపు పోటీలకై అర్ధరాత్రి మేలుకొని, తెల్లవారి కళాశాల బస్సులో కునుకుపాట్లు పడు కుర్రవారును కలరు. "అన్నా, రాత్రి మనోళ్ళు గెలిచిన్రా?" అని ఒకడు చాయ దుకాణమున అడిగినచో, ఆ మనోళ్ళు మాడ్రిడ్ వారో మాంచెస్టరు వారో విచారించి గాని జవాబు చెప్పరాదు.

హైదరాబాదుకు తన జట్టు లేకపోలేదు. 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఏర్పడి గచ్చిబౌలి స్టేడియమును స్వస్థలము చేసికొనెను. డెక్కన్ లీజియన్ అను అభిమానసంఘము గళము కలిపెను. మరుసటి ఏడే మహమ్మారి వచ్చి పోటీలన్నియు గోవాకు తరలెను. 2022 మార్చి 20న ఫతోర్దాలో కేరళ బ్లాస్టర్స్‌పై పెనాల్టీలలో, లక్ష్మీకాంత్ కట్టిమని మూడింటిని ఆపగా, ఈ జట్టు ఐఎస్‌ఎల్ విజేత యయ్యెను. రోవర్స్ కప్పు కాలపు తాతవలెనే మనుమడును విజయమును దూరము నుండియే అనుభవించెను. 2025లో ఆ జట్టు ఢిల్లీకి తరలి పేరును మార్చుకొనెను; అభిమానసంఘమువారి చొక్కాలు మాత్రము ఇచ్చటనే మిగిలెను. అదే సంవత్సరము డిసెంబరు 13న మెస్సీ స్వయముగా ఉప్పల్ స్టేడియమునకు వచ్చినప్పుడు, వికారాబాదు జిల్లాలోని కొడంగల్ నుండి శాసనసభకు ఎన్నికైన ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఆయనతో బంతి ఆడెను. అది వేడుక; వేడుకకు జనము వత్తురు, మరునాడు పోవుదురు.

నిత్యపు ఆట ఇటు దగ్గరకు వచ్చిన సంగతి అంతగా ప్రచారము పొందలేదు. నగరమును విడిచి చేవెళ్ళ వైపు పోవు దారిలో, మొయినాబాదునకు ఈవలి అజీజ్‌నగర్‌లో, డెక్కన్ అరీనా యను మైదానమున్నది. 2021 నుండి ఐ-లీగ్‌లో పాల్గొనిన శ్రీనిధి డెక్కన్ జట్టునకు అది స్వస్థలము. ఫతే మైదానము నవాబుపేటకు ఎన్నడును లేనంత చేరువలో ఇది కలదు. ఉదయమే కూరగాయల బుట్టలతో మార్కెట్టునకు పోయి మధ్యాహ్నమునకు తిరిగివచ్చు ఆటోలకును ఈ దారి పరిచితమే. పోటీలు మధ్యాహ్నము మూడున్నరకు మొదలు పెట్టినచో, చేవెళ్ళ, శంకరపల్లి, నవాబుపేట కుర్రవారు ఆట చూచి చివరి బస్సు నందుకొనగలరు. రాత్రి ఏడింటికి మొదలు పెట్టినచో టీవీవారికి అనుకూలము. నిర్వాహకులు ఒక ఆదివారమైనను పాలు పితుకు వేళను లెక్కలోనికి తీసికొని చూడవలెనని నా మనవి.