పళ్లు తెల్లబడాలని గట్టిగా రుద్దుతున్నారా? రోజూ చేసే ఈ పనులతో ఎనామిల్‌కే ఎసరు!

రెండు పూటలా బ్రష్ చేస్తున్నాం కదా, పళ్లకు ఏమవుతుందిలే అనుకుంటారు చాలామంది. కానీ పళ్లను దెబ్బతీసే అలవాట్లలో కొన్ని, పళ్ల మంచి కోసమని చేసేవే. పంటిపై ఉండే ఎనామిల్ మన శరీరంలోకెల్లా గట్టి పదార్థం. అయితే అందులో జీవకణాలు ఉండవు. విరిగిన ఎముక అతుక్కుంటుంది, తెగిన చర్మం మానుతుంది. అరిగిపోయిన ఎనామిల్ మాత్రం మళ్లీ రాదు. మరి దాన్ని పోగొట్టే అలవాట్లేంటో చూద్దాం.

మచ్చలను రుద్దితే పోవు

అల్మాస్‌గూడ, మీర్‌పేట, బీఎన్ రెడ్డి నగర్ వైపు నల్గొండ జిల్లా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు చాలానే ఉన్నాయి. మర్రిగూడ, మునుగోడు లాంటి ఫ్లోరైడ్ ప్రాంతాల్లో పెరిగినవారి పళ్లపై తెల్లని చారలు, గోధుమ రంగు మచ్చలు కనిపిస్తుంటాయి. ఇది మురికి కాదు. సుమారు 8 ఏళ్లలోపు, చిగుళ్ల లోపల పళ్లు తయారవుతున్నప్పుడు తాగునీటితో ఎక్కువ ఫ్లోరైడ్ వెళ్లడం వల్ల ఏర్పడినవి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకారం లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు.

ఈ మచ్చలు పోవాలని ఇటుక పొడి, బొగ్గు, ఉప్పు, నిమ్మరసంతో రుద్దితే మచ్చ అలాగే ఉంటుంది, పై పొర అరుగుతుంది. లోపలి డెంటిన్ పసుపు రంగులో ఉంటుంది కాబట్టి పళ్లు ఇంకా పచ్చగా కనిపిస్తాయి. చల్లనీళ్లు తాగితే జివ్వుమంటుంది. మచ్చ లోతును బట్టి బ్లీచింగ్, వెనీర్ లాంటి చికిత్సలు డెంటిస్టుల దగ్గర ఉన్నాయి.

ఫ్లోరైడ్ పేస్టు మానేయాలా?

అక్కర్లేదు. పెద్దవాళ్ల పళ్లు అప్పటికే తయారైపోయి ఉంటాయి. పేస్టుతో కొత్తగా మచ్చలు రావు, పైగా పుచ్చు నుంచి రక్షణ దొరుకుతుంది. పిల్లల విషయంలోనే జాగ్రత్త. మూడేళ్లలోపు వారికి బియ్యపు గింజంత, 3 నుంచి 6 ఏళ్ల వారికి బఠాణీ గింజంత పేస్టు చాలు. మింగకుండా చూడాలి.

నిమ్మ సోడా తాగగానే బ్రష్ వద్దు

నోట్లో పీహెచ్ దాదాపు 5.5 కంటే తగ్గితే ఎనామిల్‌లోని ఖనిజాలు కరగడం మొదలవుతుంది. నిమ్మరసం, కోలాల పీహెచ్ 2 నుంచి 3 మధ్యే ఉంటుంది. తాగిన వెంటనే బ్రష్ చేస్తే మెత్తబడిన పొర లేచిపోతుంది. ముందు నీళ్లతో పుక్కిలించి, కనీసం అరగంట ఆగాలి.

గంటకో చాయ్

చక్కెర ఎంత అన్నదే కాదు, ఎన్నిసార్లు అన్నది కూడా ముఖ్యం. తీపి తగిలిన ప్రతిసారీ బ్యాక్టీరియా ఆమ్లాన్ని తయారుచేస్తుంది. లాలాజలం దాన్ని సర్దడానికి అరగంట పైనే పడుతుంది. గంటకోసారి తీపి చాయ్, బిస్కెట్ పడుతుంటే పళ్లు తేరుకునే సమయమే ఉండదు.

గుట్కా, పొగాకు పళ్లపొడి

పంటి నొప్పి తగ్గుతుందని కొందరు ఇప్పటికీ పొగాకుతో పళ్లు తోముతారు. పొగాకు కలిపిన పేస్టులు, పళ్లపొడులను కేంద్రం 1992లోనే నిషేధించింది. గుట్కాలోని వక్క వల్ల నోటి లోపలి కండ గట్టిపడి, నోరు తెరవడమే కష్టమవుతుంది. అది క్యాన్సర్‌గానూ మారొచ్చు.

పళ్లు పనిముట్లు కావు

సీసా మూతలు తీయడం, ఐస్ ముక్కలు నమలడం, దారం కొరకడం వల్ల పంటికి సన్నని పగుళ్లు వస్తాయి. పిన్నీసుతో కుట్టుకుంటే చిగురుకు గాయమవుతుంది.

ఏం చేయాలి?

మెత్తని బ్రష్‌తో, గట్టిగా నొక్కకుండా రెండు నిమిషాలు తోముకోవాలి. బ్రష్‌ను మూడు నెలలకోసారి మార్చాలి. నిద్రలో లాలాజలం తగ్గుతుంది కాబట్టి రాత్రి బ్రషింగ్ అస్సలు మానొద్దు. చిగుళ్ల నుంచి రక్తం, పళ్లు జివ్వుమనడం, రెండు వారాలైనా మానని పుండు ఉంటే ఆలస్యం చేయొద్దు. ప్రైవేటు ఖర్చు భరించలేనివారికి అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆస్పత్రి ఉంది. నొప్పి మొదలయ్యాక వెళ్లడం కంటే, జివ్వుమన్నప్పుడే వెళ్తే పన్ను దక్కే అవకాశాలు ఎక్కువ.