ఆకాశం నుంచి ఏం పడింది? చూసినవాళ్ల మాట, చరిత్ర మాట

ఎగిరే పళ్లెం ఒకటి కూలిపోయిందనీ, మిలిటరీ వచ్చి దాన్ని ఎత్తుకెళ్లి దాచేసిందనీ చెప్పే కథ మనలో చాలామంది విన్నదే. దానికి మూలం 1947లో అమెరికాలో జరిగిన ఒక సంఘటన. ఆ కథ నిజమా అబద్ధమా అని వాదించుకునే ముందు, ఎవరు ఏం చూశారు, ఎప్పుడు చెప్పారు అని విడదీసి చూడాలి. చరిత్ర పాఠం మనకు నేర్పే పద్ధతి అదే. ఇలాంటివి తెలంగాణలోని ఒక పల్లెలోనూ, మన జిల్లాకు దగ్గరలోనూ జరిగాయి. మూడింటినీ పక్కపక్కన పెట్టి చూద్దాం.

రాస్వెల్, 1947

న్యూమెక్సికో రాష్ట్రంలో బ్రేజెల్ అనే పశువుల కాపరికి మేత భూమిలో చెల్లాచెదురుగా పడిన వస్తువులు కనిపించాయి. రబ్బరు ముక్కలు, వెండి రేకులాంటి కాగితం, సన్నని పుల్లలు, పూల బొమ్మలున్న టేపు దొరికాయని అప్పుడే స్థానిక పత్రికకు చెప్పాడు. అతను రాస్వెల్ పట్టణం వెళ్లి షెరీఫ్‌కు చెబితే, షెరీఫ్ దగ్గరలోని సైనిక విమాన స్థావరానికి కబురు పెట్టాడు. మేజర్ జెస్సీ మార్సెల్ వచ్చి ఆ వస్తువులు తీసుకెళ్లాడు.

జులై 8న స్థావరం వాళ్లే "మాకు ఎగిరే పళ్లెం దొరికింది" అని పత్రికలకు ప్రకటన ఇచ్చారు. ఇంకేముంది, ప్రపంచమంతా గగ్గోలు. కొన్ని గంటల్లోనే జనరల్ రేమీ "అది వాతావరణ బెలూన్ మాత్రమే" అని మాట మార్చారు. అంతటితో కథ ముగిసిపోయింది. ముప్పై ఏళ్లు ఎవరూ దాని ఊసెత్తలేదు.

1978లో మార్సెల్ ఒక పరిశోధకుడితో, తాను చూసింది ఈ భూమిది కాదని చెప్పాడు. 1980లో పుస్తకం వచ్చింది. ఆ తర్వాత సాక్షులు ఒక్కొక్కరే బయటికి వచ్చారు. ఒకరు వింత శవాల గురించి విన్నామన్నారు, ఒకరు సైనికులు బెదిరించారన్నారు. ఇక్కడ ఒకటి గమనించాలి. 1947లో పత్రికల్లో వచ్చిన మాటల్లో శవాలు లేవు. అవన్నీ ముప్పై నలభై ఏళ్ల తర్వాత చేరినవే.

మరి సైన్యం ఏమీ దాచలేదా? దాచింది! 1994లో అమెరికా వైమానిక దళం అసలు సంగతి బయటపెట్టింది. సోవియట్ యూనియన్ అణుపరీక్షలు చేస్తే ఆ శబ్దాన్ని పై ఆకాశంలో పట్టుకోవడానికి, బెలూన్లను దండలా కట్టి పరికరాలతో ఎగరేసేవారు. దాని పేరు ప్రాజెక్ట్ మోగుల్. అది పరమ రహస్యం. రేకు కాగితం, పుల్లలు రాడార్‌కు కనబడే రెఫ్లెక్టర్లవి. 1997లో ఇంకో నివేదిక వచ్చింది. ఎత్తుగా ఎగిరే బెలూన్ల నుంచి కింద పడేసిన బొమ్మ మనుషులను చూసినవాళ్లే శవాలని పొరబడ్డారని అది చెప్పింది. కానీ ఆ బొమ్మల ప్రయోగాలు 1950లలో జరిగినవి. తేదీలు కలవవని చాలామంది అడిగారు, అడగడం న్యాయమే. సర్కారు నివేదికైనా సాక్ష్యమే కదా, దాన్నీ పరీక్షించాల్సిందే.

మొగిలిగుండ్ల, 2022

2022 డిసెంబరు 7న తెలంగాణలోని వికారాబాద్ జిల్లా, మర్పల్లి మండలం మొగిలిగుండ్ల దగ్గర పొలాల్లో పెద్ద గుండ్రని వస్తువు దిగింది. చుట్టుపక్కల జనం గుంపులుగా వచ్చారు. సెల్‌ఫోన్లలో వీడియోలు తీశారు. రకరకాల పుకార్లు పుట్టాయి. అయితే కొద్దిసేపట్లోనే సంగతి తెలిసిపోయింది. అంతరిక్షం అంచుకు పర్యాటకులను తీసుకెళ్లాలనుకునే హేలో స్పేస్ అనే స్పెయిన్ కంపెనీ, హైదరాబాదులోని టాటా ఇన్‌స్టిట్యూట్ బెలూన్ కేంద్రం నుంచి మనుషులు లేని క్యాప్సూల్‌ను పరీక్ష కోసం ఎగరేసింది. అది 37 కిలోమీటర్ల ఎత్తుకు పోయి దిగింది.

రాస్వెల్‌లో పడిందీ బెలూన్ సామానే, ఇక్కడ దిగిందీ బెలూన్ సామానే. అక్కడ నిజం చెప్పడానికి 47 ఏళ్లు పట్టింది, ఆ ఖాళీలో కథ పెరిగి మర్రిచెట్టయింది. ఇక్కడ వెంటనే చెప్పారు, పుకారు మొలకలోనే వాడిపోయింది.

మన పక్కనే, 2016

2016 ఫిబ్రవరి 6న నాట్రంపల్లి దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీ ఆవరణలో పెద్ద శబ్దం వచ్చింది. కృష్ణగిరి నుంచి చెన్నై హైవే మీద పోతే తగిలే ఊరే అది. నేల మీద గుంట పడింది, కిటికీల అద్దాలు పగిలాయి, ఒక బస్సు డ్రైవరు చనిపోయారు. ఉల్క పడిందని ముఖ్యమంత్రి జయలలిత గారు ప్రకటించి, ఆ కుటుంబానికి లక్ష రూపాయల సాయం ఇచ్చారు. కానీ ఫోటోలు చూసిన నాసా శాస్త్రవేత్తలు, అది నేల మీద జరిగిన పేలుడులా ఉందన్నారు.

ఇది వినోదం కాదు, ఒక మనిషి ప్రాణం. ఉల్క అయితే ఎవరి తప్పూ లేదు. పేలుడైతే కారణం వెతకాలి, ఇంకొకరికి అలా జరగకుండా చూడాలి. తొందరపడి పేరు పెట్టేస్తే వెతకడం ఆగిపోతుంది.

మనం నేర్చుకోవలసింది

నిప్పు లేనిదే పొగ రాదంటారు. నిజమే, కానీ పొగను చూసినవాడు నిప్పు దేనిదో చెప్పలేడు. ఈ మూడు చోట్లా జనం ఏదో చూసింది, విన్నది వాస్తవం. చిక్కంతా దానికి పెట్టిన పేరులోనే ఉంది. సాక్షులు అబద్ధాలకోరులని అనకూడదు. జ్ఞాపకం మాత్రం ఏళ్లు గడిచేకొద్దీ విన్న మాటలనూ కలుపుకుంటుంది. అందుకే చరిత్రకారుడు మూడు అడుగుతాడు. స్వయంగా చూశావా, ఎవరైనా చెబితే విన్నావా? ఆ రోజే చెప్పావా, తర్వాతా? నీ మాటకు వస్తువు గానీ, రాత గానీ తోడుందా?

తోటి విద్యార్థులారా! మన ఊళ్లోనూ రేపు ఏదైనా పడవచ్చు. బెలూన్ పరికరాలను ముట్టుకోవద్దు, దగ్గరలోని పోలీసులకు చెప్పండి అని టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ముందే ప్రకటనలు ఇస్తుంటారు. అలాగే చేద్దాం. ఇంటికొచ్చాక చూసింది చూసినట్టు, తేదీ, సమయం వేసి నోటుపుస్తకంలో రాసిపెడదాం. "ఏమిటో తెలియదు" అని రాయడానికి సిగ్గుపడనక్కరలేదు. ముప్పై ఏళ్ల తర్వాత ఎవరైనా అడిగితే, ఆ పేజీ మన జ్ఞాపకం కన్నా గట్టి సాక్ష్యం.