ముద్దనూరు యంత్రము - దూరపు ఆజ్ఞ

ప్రొద్దుటూరు బంగారు అంగళ్లలో తక్కెడను చూడనివారు అరుదు. ఒక తట్టలో రవ్వంత బరువు పెరిగినను ముల్లు ఒరుగును. విద్యుత్ వ్యవస్థయు అట్టి తక్కెడయే. ఒక తట్ట ఉత్పత్తి, రెండవది వినియోగము. పులివెందుల అరటితోటలలో బోరు మోటార్లన్నియు ఒక్కమారు తిరుగ నారంభించినచో, ఆ క్షణముననే ఎక్కడనో యంత్రములు అంత అధికముగా శ్రమింపవలెను. పెద్దమొత్తమున నిలువచేయుటకు కష్టమైన సరకు ఇది.

జమ్మలమడుగు నుండి పులివెందులకు పోవు దారిలో ముద్దనూరు కలదు. ఆ సమీపమున రాయలసీమ తాప విద్యుత్ కేంద్రములో 210 మెగావాట్ల యూనిట్లు రెండు 1994-95లో పని ప్రారంభించినవి. అందలి రోటరు నిమిషమునకు 3000 మార్లు తిరిగినచో సెకండునకు 50 సైకిళ్ల విద్యుత్తు పుట్టును. దీనినే పౌనఃపున్యము అందురు. వినియోగము మించినచో గ్రిడ్డులోని రోటర్లన్నియు ఒక్కసారిగా మందగించును. ముద్దనూరు ఆపరేటరు తన ఎదుటి సూచికను చూచిన చాలును, తమిళనాడులోని కొరత కూడ తెలియును. ఎవరును పంపకయే అందరికిని చేరు టెలిగ్రాము ఇది!

వేగము తగ్గినప్పుడు ఆవిరిని పెంచు గవర్నరును 1788లోనే జేమ్స్ వాట్ ఆవిరియంత్రమునకు అమర్చెను. నేటి టర్బైన్లకును గవర్నరు కలదు. కాని 1990 ప్రాంతమున మన దేశమున పౌనఃపున్యము మితిమీరి ఊగులాడుటచే పెక్కు కేంద్రములలో దానిని పనిచేయనీయలేదు. చెవి ఉండియు దూది పెట్టుకొన్నట్లయినది. దక్షిణ గ్రిడ్డున పౌనఃపున్యము గంటల తరబడి 49కి దిగువనే ఉండెడిది. ఆజ్ఞలు హైదరాబాదులోని లోడ్ డిస్పాచ్ కేంద్రము నుండి టెలిఫోనుపై వచ్చెడివి. ఆ మాటలు తరచు విద్యుత్తు ప్రవహించు తీగలమీదనే ప్రయాణించెడివి.

2002లో దక్షిణ రాష్ట్రముల కేంద్రములను కంప్యూటర్లతో జోడించిరి. ప్రతి ముఖ్యమైన సబ్‌స్టేషను నుండి కొలతలు కొద్ది సెకండ్లకొకసారి చేరసాగెను. 2003 జనవరి 1 నుండి దక్షిణమున, పౌనఃపున్యము తగ్గిన కొలది రాష్ట్రములు అదనముగా వాడుకొను విద్యుత్తునకు ధర పెరుగు పద్ధతి వచ్చెను. ఆజ్ఞ చేయలేనిది ధర చేసినది. పౌనఃపున్యము 50కి చేరువయ్యెను.

అయినను పౌనఃపున్యము కొరత ఉన్నదని చెప్పునే గాని, ఏ లైనుపై భారము మించెనో చెప్పదు. 2012 జూలై 30న గ్వాలియరు-బీనా లైను తెగిపోగా ఉత్తర గ్రిడ్డు కూలెను. మరునాడు ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు మూడును కూలి 60 కోట్లమంది చిక్కుపడిరి. అంతకు ముందు వినియోగము తగ్గింపుడని పై కేంద్రములు సూచించినను రాష్ట్రములు తగినంతగా స్పందింపలేదని విచారణలో తేలెను. కంప్యూటరు చూపగలదు, వినిపింపలేదు! దక్షిణమునకు నాడు ఏకముఖ విద్యుత్ లంకెలే ఉండుటచే ముద్దనూరు నిలిచినది. 2013 డిసెంబరు 31న రాయచూరు-సోలాపూరు లైనుతో ఆ ప్రత్యేకత ముగిసెను.

2018 జనవరిలో ఢిల్లీ కంప్యూటరు దాద్రి కేంద్రమునకు 4 సెకండ్లకొకసారి నేరుగా సంకేతము పంపనారంభించెను. మధ్య మనిషి లేడు. కాని సంకేతము ఎంత వేగముగా చేరినను బొగ్గు మండి ఆవిరి పెరుగుటకు నిమిషములు పట్టును. అందుచే దూరపు ఆజ్ఞను త్రోసిపుచ్చు మీట దాద్రి ఇంజనీర్ల చేతనే ఉంచిరి.