కడప కితాబులు ఎక్కడికి పోయాయి?

కితాబు పోతే వెతుకుతాం. అది ఒకప్పుడు ఉండేదన్న సంగతే తెలియకపోతే వెతికేవాడే ఉండడు. ఫెహ్రిస్త్ కీమత్ అక్కడుంది.

బాగ్దాద్ కితాబుల వ్యాపారి ఇబ్నున్నదీమ్‌కు ఈ సంగతి ఎరుకే. 987 ప్రాంతంలో తన కాలపు అరబ్బీ కితాబుల వివరాలు రాసి ‘అల్ ఫిహ్రిస్త్’ అన్నాడు. వాటిలో ఎన్నో ఇప్పుడు లేవు. పేర్లే మిగిలాయి.

మన దక్కన్‌కు వద్దాం. 1799 మే 4న శ్రీరంగపట్నంలో టిపూ సుల్తాన్ షహీద్ అయ్యాడు. ఆయన కుతుబ్‌ఖానాలోని సుమారు రెండు వేల చేతిరాత ప్రతులు కంపెనీ పాలయ్యాయి. కొన్ని కలకత్తాకు, కొన్ని లండన్, ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌లకు చేరాయి. 1809లో చార్లెస్ స్టూవర్ట్ వాటి జాబితా అచ్చు వేశాడు. ఇవి కొన్నవి తక్కువ, సావనూరు, కడప, కర్నాటక ప్రాంతాల నుంచి దోచి తెచ్చినవే ఎక్కువ అని అందులో రాశాడు. కడపను హైదర్ అలీ గెలిచింది 1779లో. అంటే కడప కితాబులు ముందు మైసూరుకు, తర్వాత సముద్రం అవతలికి పోయాయన్నమాట. టిపూ మీద ఎంత మొహబ్బత్ ఉన్నా ఈ హకీకత్ దాచలేం.

చెదిరినవాటిని ఒకచోట చూడటమెలా? ఒక్కో లైబ్రరీ ఒక్కో తీరున వివరాలు రాసుకుంది. ఒకే మనిషి పేరుకు పది స్పెల్లింగులు. అందుకే ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ కలిసి పని మొదలుపెట్టాయి. తర్వాత బ్రిటిష్ లైబ్రరీ, మరికొన్ని లైబ్రరీలు చేరాయి. ఈ ఉమ్మడి ఆన్‌లైన్ జాబితా పేరు కూడా ‘ఫిహ్రిస్త్’! ముసన్నిఫ్, కాతిబ్, తారీఖు, పాత మాలిక్ ఎవరన్నది, అన్నిటికీ వేరువేరు గడులు. పేరు ఎవరెలా రాసినా మనిషికి ఒకటే గుర్తింపు. అలా వేర్వేరు ఊళ్ల అల్మారాల్లోని కితాబులు ఒకే తెర మీద కలుస్తాయి.

కానీ యంత్రం రాసినదాన్నే వెతికిపెడుతుంది. టిపూ కితాబుల జిల్దు మీద ‘సర్కారె ఖుదాదాద్’ అని ముద్ర ఉంటుంది. అది మైసూరు సంగతే చెబుతుంది. అంతకు ముందటి మాలిక్ మొహర్ ఉంటే లోపలి వరకల మీద ఉండాలి. జాబితా రాసే మనిషి వరక తిప్పి, మొహర్ చదివి, గడి నింపాలి. ఆ గడి ఖాళీగా వదిలేస్తే కడప మళ్లీ మాయమైపోతుంది. పైగా ఇది బ్రిటన్ లైబ్రరీల జాబితా. కలకత్తాలో ఆగిపోయిన కితాబులు దీని బయటే.

మన దర్గాల్లో, ఖాందానీ పెట్టెల్లో చేతిరాత కితాబులున్నవాళ్లు స్కానర్ కోసం ఎదురుచూడనక్కర్లేదు. ఒక నోటుబుక్కు చాలు. కితాబు పేరు, కాతిబ్, మొహర్, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చిందో రాసిపెట్టండి. రేపు ఎవరైనా వెతకాలంటే ముందు ఈ నాలుగు మాటలుండాలి.