శుల్కమునకు అమ్మబడిన బాల్యము

విశాఖపట్టణమనగానే నేటివారికి 1933లో ప్రారంభమైన నౌకాశ్రయమును, ఉక్కు కర్మాగారమును జ్ఞప్తికి వచ్చును. ఈ పేరుగల జిల్లాలోనే ఒకప్పుడు పసిపిల్లల బేరములకు లెక్క వ్రాయబడినదని ఎరిగినవారు తక్కువ. విజయనగరము సైతము అప్పుడు ఆ జిల్లాలోనిదే; 1979లోగాని వేరు జిల్లా కాలేదు.

విజయనగర ప్రభువు ఆనందగజపతి, మూడేండ్లకాలమున జిల్లాలోని బ్రాహ్మణ కుటుంబములయందు శుల్కము గొని చేసిన పెండ్లిండ్లకు పట్టిక వ్రాయించెను. గురజాడ అప్పారావుగారు 1897లో ‘కన్యాశుల్కము’ను అచ్చొత్తించుచు ఆంగ్ల పీఠికలో దానిని ఉదాహరించిరి. పట్టికకెక్కిన వివాహములు 1,034. అందు అయిదేండ్ల బాలికలు 99 మంది, నాలుగేండ్లవారు 44, మూడేండ్లవారు 36, రెండేండ్లవారు ఆరుగురు, ఏడాది పసికందులు ముగ్గురు. కూడి చూచిన 188. ఈ పట్టిక సమగ్రము కాదని పీఠికయే చెప్పుచున్నది. పిల్లను అమ్ముకొంటినని ఒప్పుకొనుటకు ఎవరికి నోరాడును?

ఈ అంకెలు చదివి తండ్రుల లోభమును నిందించుట సులభము. మేము అడుగదలచినది వేరొకటి. అట్టి పిల్ల పెద్దదై తన్ను తానెట్లు చూచుకొనెను? ముదుసలి మగడు గతించిన పిదప ఆమెను మగని మ్రింగినదనిరి, శుభకార్యములకు ఎదురు రావలదనిరి, తల గొరిగించిరి, ఒంటిపూట కూడు పెట్టిరి. బేరమాడినది తండ్రి, దోషము మాత్రము బిడ్డ నుదుటిది! చిత్రమేమనగా బిడ్డయు దానినే నమ్మెను. ‘నా ఖర్మ’ మను మాట మన యిండ్లలో ఎందరు వృద్ధ వితంతువుల నోట వినబడలేదు?

ఇట్లేల నమ్మవలెను? భయగ్రస్తమైన శిశువు తన్ను బాధించువాని ఇచ్ఛకు లోబడి, వాని తప్పును సైతము తనలోనికి తీసికొనునని హంగరీ దేశపు వైద్యుడు ఫెరెంజి 1932లో ఒక ఉపన్యాసమున చెప్పెను. అన్నము పెట్టు చేయి చెడ్డదని తలచుటకంటె తానే చెడ్డదాననని తలచుట ఆ వయసున తేలిక. 2003లో అమెరికాలో క్రిస్టిన్ నెఫ్ అను విదుషి, మనుష్యునకు తనపై గల దయను కొలుచుటకు ఒక ప్రశ్నావళిని కూర్చెను. 2011లో ప్రకటితమైన కెనడా పరిశోధనయందు, బాలసంరక్షణ సంస్థల పాలనలోనున్న కౌమారులలో దెబ్బలు, తిట్లు, నిరాదరణ అధికముగా అనుభవించినవారికి తమపై దయ తక్కువగా కనబడెను.

తనపై దయ పాశ్చాత్యుల సరకని కొందరు నవ్వవచ్చును. గౌతమధర్మసూత్రము లెక్కించిన ఎనిమిది ఆత్మగుణములలో దయతోపాటు అనాయాసమును కలదు. శుభకర్మమైనను శరీరమును మిక్కిలి పీడించునది చేయరాదని స్మృతులు దానికి అర్థము చెప్పినవి. ఉపవాసముల పేర వితంతువును ఎండగట్టిన పండితులకు ఈ పుట కనబడకపోవుట వింతయే!

1856 నాటి శాసనము వితంతువు మరల పెండ్లాడవచ్చుననెను. 1930 ఏప్రిల్ 1 నుండి అమలైన శారదాశాసనము బాలికకు 14 ఏండ్లు నిండవలెననెను. ఈ రెండును పెండ్లిని గూర్చినవే. నష్టజాతకురాలనని లోపల పలుకు గొంతు వీని అధికారమునకు వెలుపలిది. సంస్కర్తలలో పెక్కురు వరుని వెదకుటయందే తొందరపడిరి. 1909 నాటి రెండవ కూర్పులో అప్పారావుగారు బుచ్చమ్మను వెంటనే మరొక పెండ్లిపీటపై కూర్చుండబెట్టక, పూనాలోని వితంతు శరణాలయమునకు పంపించిరి. అచ్చట ఆమెకు చదువు కలదు; తనవంటి తోటివారు పదిమంది కలరు.