శిఖరమును వెదకు ఆదేశము

పన్నెండంగుళముల చదరపు తగరపు రేకు నొకదానిని తీసికొని, దాని నాలుగు మూలలయందును సమానమైన చిన్న చదరములను కత్తిరించి, మిగిలిన అంచులను పైకి మడిచినచో మూతలేని పెట్టె యొకటి యేర్పడును. ఎంత మేర కత్తిరించినచో ఆ పెట్టెలో అత్యధికముగ బియ్యము పట్టుననునది, కలనగణితమును చదివినవారిలో పలువురు ఏదో యొక పరీక్షలో ఎదుర్కొన్న ప్రశ్నయే. మాథమెటికా యను గణిత సాఫ్ట్‌వేరులో ‘ఫైండ్‌మాక్సిమమ్’ అను ఆదేశమును వ్రాసి, పెట్టె ఘనపరిమాణమును తెలుపు ప్రమేయమును దానికందించి, వెదకుట 1 వద్ద మొదలిడుమని చెప్పి మీట నొక్కినచో, కోత 2 అంగుళములనియు, పరిమాణము 128 ఘనాంగుళములనియు రెప్పపాటున సమాధానము వచ్చును. జాబితాలోని సంఖ్యలలో పెద్దదానిని ఏరియిచ్చు ‘మాక్స్’ వంటి ఆదేశముల పని వేరు, అది చిన్నపిల్లలును చేయగలది. ఇచ్చట వెదకవలసినది అనంతమైన విలువలలో నొకదానిని.

ఈ వెదకులాటకు మూలమైన భావము మిక్కిలి ప్రాచీనము. 1150లో సిద్ధాంతశిరోమణిని రచించిన భాస్కరాచార్యుడు, గ్రహముయొక్క మధ్యమస్థానమునకు చేయు సవరణయైన మందఫలము పరమావధి నందుకొన్న తావున గ్రహముయొక్క స్పష్టగతి, అనగా నిజమైన వేగము, మధ్యమగతికి, అనగా సగటు వేగమునకు, సమానమగునని చెప్పెను. అనగా ఫలము శిఖరమును చేరిన క్షణమున ఫలములోని మార్పు శూన్యమన్నమాట. ఆయన చూపు గ్రహములమీదనే గాని తగరపు పెట్టెలమీద లేదు. అయినను శిఖరముననే ఎదుగుదల ఆగునను ఎరుక ఆ వాక్యమున స్పష్టముగ కలదు.

ఐరోపాలో ఈ ఎరుక పెండ్లియింట ద్రాక్షాసవపు పీపాల నడుమ పుట్టినదనవచ్చును. 1613లో రెండవ వివాహము చేసికొన్న ఖగోళవేత్త కెప్లరు లింజ్ నగరమున తన ఇంటికి ఆసవమును తెప్పింపగా, వర్తకుడు పీపా నడిమి రంధ్రముగుండ ఒక కొలకర్రను ఏటవాలుగ లోనికి దించి, ఆ ఒక్క కొలతను బట్టి, పీపా బొద్దుదా సన్ననిదా యని యైనను చూడక, వెల కట్టెను. కెప్లరునకు ఇది మోసమేమోయని తోచినది. ఆ అనుమానమే 1615లో పీపాల ఘనపరిమాణముపై ఒక గ్రంథమై వెలువడినది. పెండ్లిఖర్చుపై కలిగిన సంశయము శాస్త్రమునకు ఇంతగా ఉపకరించుట నేనింకెచ్చటను వినలేదు. అందాయన తేల్చినదేమనగా, ఆస్ట్రియా పీపాల ఆకృతి ఇంచుమించు గరిష్ఠ పరిమాణమునకు సమీపమున నున్నది గనుకను, గరిష్ఠమునకు సమీపమున ఆకృతి కొంచెము మారినను పరిమాణము మార్పు గానరాదు గనుకను, వడ్రంగి చేయి కొంత తప్పినను వర్తకుని కొలకర్ర పెద్దగా తప్పదు.

తూలూజ్ న్యాయసభలో సభ్యుడైన ఫెర్మా, ఆ తరువాత రెండు దశాబ్దములు తిరుగకుండనే, ఈ భావమును లెక్కగా మలచెను. మన రేకునకే దానిని అన్వయించి చూతము. కోతను ‘య’ యనుకొందము, దానికి అణుమాత్రమైన ‘ఇ’ని చేర్చి, రెండు పరిమాణములును దాదాపు సమానములని వ్రాసి, అంతటను ‘ఇ’చే భాగించి, పిదప ఇంకను మిగిలిన ‘ఇ’లను తుడిచివేసినచో వర్గసమీకరణ మొకటి మిగులును, దాని మూలములు 2, 6. ఆరంగుళములు కోసినచో రేకే మిగులదు, కావున సమాధానము 2. భాగించునప్పుడు ఉన్నదనియు, తుడుచునప్పుడు లేదనియు చెప్పబడు ఈ ‘ఇ’ ఎట్టిదని నిలదీయువారికి ఫెర్మా రీతిలో తృప్తికరమైన బదులు లేదు. 1638లో డెకార్టుతో ఆయనకు ఈ రీతిపైననే గట్టి వివాదము నడచినది. 1684లో లైబ్నిట్జ్ ప్రకటించిన అవకలన గణిత వ్యాసమునకు పేరే గరిష్ఠ కనిష్ఠముల నూతన పద్ధతి.

యంత్రమునకు వర్గసమీకరణముతో పనిలేదు. 1 వద్ద పరిమాణము 100 అని గ్రహించి, ఏ దిక్కున పెరుగుచున్నదో చూచి అడుగువేయుచు, పెరుగుదల చాలించిన చోట నిలిచిపోవుటయే దాని తీరు. వాలును చూడకయే వెదకు ఉపాయమును 1965లో నెల్డర్, మీడ్ అను ఇరువురు ప్రకటించిరి. వారు ఇంగ్లండులో కూరగాయల పరిశోధనాలయమున పనిచేసిన గణాంకవేత్తలు. రెండు చలరాశులున్నచో వారి పద్ధతి ఒక త్రికోణమును గైకొని, మూడు కొనలలో మిక్కిలి హీనమైనదానిని ఎదుటి భుజముమీదుగ ఆవలికి బొర్లించుచు ముందునకు సాగును. మాట్‌ల్యాబు అను మరియొక గణిత సాఫ్ట్‌వేరులోని ‘ఎఫ్‌మిన్‌సెర్చ్’ ఆదేశము నేటికిని దీనినే నమ్ముకొన్నది.

ఆ పేరులో ‘మిన్’ అని యుండుట గమనింపదగినది. ఖర్చు, దోషము, శక్తి యనువానిని తగ్గించుటయే ఇట్టి వెదకులాట సాగించు శాస్త్రజ్ఞులకు పరిపాటియగుటచే ఆదేశములు సైతము కనిష్ఠమునకే పుట్టినవి; శిఖరము కావలసినవాడు ప్రమేయమునకు ముందొక ఋణచిహ్నము నుంచి, కొండను తలక్రిందులు చేసి లోయలోనికి దిగవలసినదే. 1988లో వెలువడిన మాథమెటికా మొదటి రూపమున ‘ఫైండ్‌మినిమమ్’ మాత్రమే కలదు. ‘ఫైండ్‌మాక్సిమమ్’, ‘మాక్సిమైజ్’ అనునవి 2003లో అయిదవ రూపముతో గాని రాలేదు. ఒక చిన్న గీతను వ్రాయు శ్రమ తప్పుటకు పదునైదేండ్లు పట్టినదన్నమాట.

అయినను ఈ ఆదేశమును ఎచ్చట మొదలిడుమంటిమో ఎరిగి వాడవలెను. అదే రేకును 7 వద్ద మొదలిడిచూడుడు. అచ్చట అడుగుభుజము ఋణ రెండంగుళములు. అట్టి పెట్టె లోకమున లేదు, గాని వర్గము చేయగనే ఋణము ధనమైపోవును. 7 వద్ద 28, 8 వద్ద 128, 9 వద్ద 324. పెరుగుదల ఆగు చోటే లేదు గనుక యంత్రము పెద్దపెద్ద సంఖ్యలవైపు పరుగులిడి, తుదకొక హెచ్చరికను వ్రాసి చేతులెత్తివేయును. తప్పు దానిది కాదు, పెట్టె యని మనము చెప్పలేదు.

‘మాక్సిమైజ్’కు కోత ఎంత మేరలో నుండవలెనో ఆ హద్దును చెప్పవచ్చును; అది ఒక బిందువునుండి తడవులాడదు. బహుపదుల విషయమున దానికి ఆధారమైనవానిలో 1975లో కాలిన్స్ ప్రకటించిన పద్ధతి యొకటి. చలరాశులు తిరుగాడు ప్రదేశమునంతటిని గదులుగ విభజించి ఏ గదిని విడువక చూచుట దాని స్వభావము, కావుననే చలరాశులు పెరిగినకొలది అది మిక్కిలి నెమ్మదించును. కోత సున్నకును ఆరునకును నడుమ నుండవలెనని తెలిపి అడిగినచో మన రేకునకు వచ్చు సమాధానము తిరిగి 128యే. ‘ఫైండ్‌మాక్సిమమ్’ ఇచ్చిన 128 ప్రక్కన మాత్రము ఒక చుక్క యుండును, ఇది వెదకి పట్టిన ఉజ్జాయింపు సుమా యనుటకు. ‘మాక్సిమైజ్’ ఇచ్చినదానికి ఆ చుక్క లేదు.