ధర్మశాస్త్రము, పాపము, స్వాతంత్ర్యము: 1525 నాటి ఒక వివాదం

తెలుగు బైబిలు చదివేవారికి 'ధర్మశాస్త్రము' అన్న మాట సుపరిచితం. ఆ గ్రంథంతో పరిచయం లేని తెలుగువారు అదే మాట వింటే వారికి మనువో యాజ్ఞవల్క్యుడో గుర్తుకు వస్తాడు. అనువాదకులు ఆ పదాన్ని వాడింది యూదుల 'తోరా'కు, అంటే మోషే ద్వారా ఇశ్రాయేలీయులకు లభించిందని వారు విశ్వసించే విధినిషేధాల సముదాయానికి. ఈ రెండు శాస్త్రాల పుట్టుక వేరు, లోకం వేరు. అయినా ఒక పోలిక ఉంది. ఏది తినవచ్చు, ఎవరి సరసన కూర్చోవచ్చు, ఏ రోజు పని మానాలి, ఏది శుచి, ఏది అశుచి అన్న నిత్యజీవిత ప్రశ్నలకు రెండూ సమాధానం చెబుతాయి. కనుక అపొస్తలుడైన పౌలు ధర్మశాస్త్రం నుండి విడుదల గురించి మాట్లాడినప్పుడు, ఆ మాటలోని తీవ్రత తెలుగు పాఠకునికి సులభంగానే అందుతుంది.

ఆ విడుదల ఎవరికి, దేని నుండి అన్న ప్రశ్న మాత్రం అంత సులభమైనది కాదు. ఆ ప్రశ్న పై పదహారవ శతాబ్దపు జర్మనీలో రక్తం ప్రవహించింది.

మొదట పౌలు సంగతి. క్రీ.శ. 50 ప్రాంతంలో, నేటి టర్కీ మధ్యభాగంలో ఉన్న గలతీయ సంఘాలకు ఆయన ఒక లేఖ వ్రాశాడు. యూదులు కానివారు క్రీస్తును విశ్వసిస్తే చాలునా, లేక సున్నతి పొంది ధర్మశాస్త్రాన్ని కూడా పాటించాలా అన్నది అక్కడి తగవు. ఆ లేఖలోనే పౌలు అంతియొకయలో జరిగిన ఒక సంఘటనను గుర్తు చేస్తాడు. అన్యజనులతో కలిసి భోజనం చేస్తూ వచ్చిన పేతురు, యెరూషలేము నుండి కొందరు రాగానే వెనుకంజ వేసి ఆ పంక్తి విడిచిపెట్టాడు. పౌలు ఆయనను అందరి ఎదుటా నిలదీశాడు. సహపంక్తి భోజనం ఎంతటి విషయమో ఎరిగిన మన సమాజానికి ఇది వేరే వివరించనక్కరలేదు. క్రైస్తవ స్వాతంత్ర్య సిద్ధాంతం తొలిసారి గట్టిగా వినిపించింది ఒక భోజన పంక్తి దగ్గర.

పౌలు ధర్మశాస్త్రాన్ని చెడ్డదని అనలేదు. అది పాపాన్ని ఎత్తి చూపుతుంది కాని దానిని జయించే శక్తిని ఇవ్వదని ఆయన వాదం. గ్రీకు ఇళ్ళలో పిల్లవాడిని బడికి తీసుకువెళ్ళి కనిపెట్టుకుని ఉండే దాసునితో ఆయన దానిని పోల్చాడు. తెలుగు బైబిలులో ఆ దాసుడు 'బాలశిక్షకుడు' అయ్యాడు. పిల్లవాడు పెద్దవాడయ్యాక ఆ దాసుని కాపలా అవసరం లేదు. అయితే ఈ స్వేచ్ఛను శరీరేచ్ఛలకు సాకుగా చేసుకోవద్దనీ, ప్రేమతో ఒకరికొకరు దాసులు కండనీ అదే లేఖలో హెచ్చరించాడు.

పదిహేను శతాబ్దాలు దాటుదాం. 1505లో మార్టిన్ లూథర్ అనే యువకుడు ఎర్ఫుర్ట్‌లోని అగస్టీనియన్ మఠంలో చేరాడు. ఉపవాసాలు, జాగరణలు, గంటల తరబడి పాప సంకీర్తన. ఇన్ని చేసినా మనసుకు శాంతి లేదు. ఒప్పుకున్న పాపాల కన్నా మరచిపోయిన పాపాలు ఆయనను ఎక్కువ బాధించాయి. దేవుని నీతి అన్న మాటే ఆయనకు భయం పుట్టించేది. విట్టెన్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో 1515-16లో రోమీయులకు వ్రాసిన పత్రిక మీద, ఆ వెంటనే గలతీయుల పత్రిక మీద పాఠాలు చెబుతూ ఆయన ఆ భయం నుండి బయటపడే దారి వెదికాడు. మనిషి తన క్రియల వలన కాక విశ్వాసం ద్వారా, దేవుని కృప చేత నీతిమంతుడుగా ఎంచబడతాడని ఆయన చేరుకున్న నిర్ణయం. 1517లో పాపపరిహార పత్రాల విక్రయాన్ని ప్రశ్నిస్తూ తొంభై అయిదు సిద్ధాంతాలు ప్రకటించడానికి వెనుక ఉన్నది ఈ అంతర్మథనమే.

1520లో ఆయన 'క్రైస్తవుని స్వాతంత్ర్యం' అనే చిన్న పుస్తకం వ్రాశాడు. విశ్వాసం వలన క్రైస్తవుడు ఎవరికీ లోబడని ప్రభువు, ప్రేమ వలన అందరికీ లోబడిన సేవకుడు అన్నది దాని సారాంశం. ఆ పుస్తకం జర్మన్ భాషలోనూ వెలువడింది. 1522 సెప్టెంబరులో ఆయన జర్మన్ కొత్త నిబంధన కూడా అచ్చయింది. పండితుల గదుల్లో ఉండే పౌలు వాక్యాలు సంతలకూ సత్రాలకూ చేరాయి. చదువు రానివారికి చదివి వినిపించేవారు దొరికారు.

విన్నవారిలో రైతులు ఉన్నారు. దక్షిణ జర్మనీలో చాలామంది రైతులు అప్పటికి ప్రభువుకు కట్టుబడిన దాసులు. అతని అనుమతి లేకుండా పొలిమేర దాటి పెళ్ళి చేసుకునే వీలు లేదు. ఇంటి యజమాని చనిపోతే అతని మేలైన పశువునో దుస్తులనో ప్రభువు పట్టుకుపోయేవాడు. శిస్తు, దశమభాగం, వెట్టి సరేసరి. అడవిలో కట్టె కొట్టడానికీ, ఏటిలో చేప పట్టడానికీ పూర్వం నుండి ఉన్న హక్కులను ఒక్కొక్కటిగా లాక్కుంటున్నారు.

1525 మార్చిలో మెమ్మింగెన్ నగరంలో రైతు ప్రతినిధులు సమావేశమై పన్నెండు కోరికలు ప్రకటించారు. వాటిని కూర్చినవారు తోలు దుస్తులు కుట్టే పనివాడైన సెబాస్టియన్ లోట్సర్, బోధకుడు క్రిస్టోఫ్ షాప్పెలర్ అని చరిత్రకారుల అభిప్రాయం. తమ బోధకుని తామే ఎన్నుకునే హక్కు మొదటి కోరిక. మూడవది దాస్య విమోచన: క్రీస్తు గొల్లవానిని, గొప్పవానిని భేదం లేకుండా తన రక్తంతో విడిపించాడు కనుక తాము స్వతంత్రులమే అన్నది వారి తర్కం. తొమ్మిదవది ప్రత్యేకంగా గమనించదగ్గది. నేరాలకు శిక్షలు ఇష్టం వచ్చినట్లు కొత్తగా కల్పించక, పూర్వం వ్రాసి ఉన్న శాసనం ప్రకారం విధించాలని వారు కోరారు. పన్నెండవది, వీటిలో ఏదైనా దైవవాక్యానికి విరుద్ధమని నిరూపిస్తే దానిని ఉపసంహరించుకుంటామన్న హామీ.

లూథర్ ఏప్రిల్‌లో సమాధానం వ్రాశాడు. ముందుగా ప్రభువులనే మందలించాడు, ఈ కలతకు మీ దురాశే కారణమన్నాడు. కాని మూడవ కోరిక దగ్గర ఆయన కలం కఠినమైంది. ఇది క్రైస్తవ స్వాతంత్ర్యాన్ని కేవలం శరీర సంబంధమైనదిగా మార్చడమేనన్నాడు. అబ్రాహాముకు దాసులు లేరా? చెరసాలలో ఉన్నవాడూ రోగీ క్రైస్తవ స్వేచ్ఛను అనుభవించగలిగినట్లే దాసుడూ అనుభవించగలడని ఆయన వాదన. తిరుగుబాటు ముదిరి కోటలు, మఠాలు తగలబడిన తరువాత, మే నెలలో ఆయన వ్రాసిన మరో కరపత్రం రైతులను నిర్దాక్షిణ్యంగా అణచమని ప్రభువులకు చెప్పింది. మే 15న ఫ్రాంకెన్‌హౌజెన్ వద్ద వేలమంది రైతులు హతులయ్యారు. వారి నాయకుడు థామస్ ముంట్సర్‌ను మే 27న వధించారు. మొత్తం తిరుగుబాటులో చనిపోయినవారి సంఖ్యను కొందరు చరిత్రకారులు లక్ష వరకు అంచనా వేశారు.

ఆ సంవత్సరం డిసెంబరులోనే లూథర్ ఎరాస్మస్‌కు జవాబుగా మరొక పుస్తకం వెలువరించాడు. మోక్షం విషయంలో మానవుని చిత్తం స్వతంత్రం కాదనీ, అది పాపానికి బందీ అనీ దాని ప్రతిపాదన. ఆయన దృష్టిలో అసలు దాస్యం అదే. దాని ముందు ప్రభువు పశువుల కొట్టం ముందు చేసే వెట్టి చిన్న విషయం. ఇది కపటం కాదు. లూథర్‌కు తెలిసిన చెర మఠంలోది. అక్కడ నియమాలు ఎక్కువై ఊపిరాడలేదు. ఆయనకు స్వాతంత్ర్యం అంటే శాసనం నుండి విడుదల. రైతు బాధ అందుకు తలక్రిందులు. అతని మీద పడినది శాసనం కాదు, శాసనానికి లోబడని ప్రభువు ఇచ్ఛ. అందుకే అతడు వ్రాసి ఉన్న శాసనాన్ని కోరాడు. ఇద్దరూ చదివింది ఒకే గ్రంథం, కాని చెరలు వేరు.

రైతు పక్షాన ఆ గ్రంథంలోనే ఒక సాక్ష్యం ఉంది. ధర్మశాస్త్రాన్ని పొందినట్లు బైబిలు చెప్పే ప్రజలు అప్పుడే ఐగుప్తు దాస్యం నుండి బయటపడినవారు. ద్వితీయోపదేశకాండంలో విశ్రాంతిదిన విధి దాసదాసీ జనానికీ, పశువులకూ వర్తిస్తుంది. మీరూ ఒకప్పుడు దాసులే అన్నది అక్కడ చెప్పిన కారణం. యజమానికి ఆ విధి ఒక నిర్బంధం. దాసునికి అది వారానికొక రోజు స్వేచ్ఛ.

ఈ సంగతికి మన నేల మీద ఒక నిదర్శనం ఉంది. లూథర్ సంప్రదాయం కాకపోయినా, ఒంగోలు ప్రాంతంలో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866 నుండి పనిచేశాడు. 1876-78 కరవు తరువాత, 1878 జూలై 3న ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు మాదిగలు. కొత్త విశ్వాసులకు చెప్పిన నియమాలలో ముఖ్యమైనవి మూడు: విగ్రహాలను పూజించరాదు, చచ్చిన పశువు మాంసం తినరాదు, ఆదివారం పని చేయరాదు. పౌలు దృష్టితో చూస్తే ఇవి మళ్ళీ ధర్మశాస్త్రమే. కాని పిలిచినప్పుడల్లా పనికి పోవలసిన మనిషి ఈ రోజు రానని చెప్పడానికి ఆ మూడవ నియమం ఒక ఆధారమైంది. జాతరలో డప్పు కొట్టమని చెప్పడానికి మొదటిది ఆధారమైంది. గ్రామపెద్దలకు ఆగ్రహం కలిగింది దీనికే. ఆ మాదిగల ఆంతరంగిక విశ్వాసం గురించి వారికి పెద్ద పట్టింపు లేదు.

క్రైస్తవ స్వాతంత్ర్యం ఆత్మ సంబంధమైనదన్న బోధ తప్పని చరిత్ర నిరూపించలేదు. పాపభీతితో కుమిలిన ఎందరికో అది ఊరటనిచ్చింది. అయితే అంతియొకయ పంక్తి దగ్గర పౌలు దానిని ఆత్మకే వదిలిపెట్టలేదు, ఎవరు ఎవరి సరసన కూర్చుంటారన్న ప్రశ్న దాకా తెచ్చాడు. మెమ్మింగెన్ రైతులు ఆ దారినే మరికొంత దూరం నడిచారు. తప్పయితే వాక్యంతో చూపండి అన్న వారి పన్నెండవ కోరికకు ప్రభువులు ఫ్రాంకెన్‌హౌజెన్‌లో ఫిరంగులతో బదులిచ్చారు.